హెర్బీ హాన్‌కాక్ కీబోర్డు వాద్యాలు

అమెరికన్ జాజ్ పియానిస్టు, స్వరకర్త హెర్బీ హాన్‌కాక్ 1940 ఏప్రిల్ 12న షికాగోలో పుట్టారు. ఆరు దశాబ్దాలు దాటిన కచేరీ జీవితంలో ఆయన వాయించినన్ని రకాల కీబోర్డు వాద్యాలు వాయించిన పియానిస్టులు ఆ స్థాయిలో చాలా తక్కువ. గ్రాండ్ పియానో, చెలెస్టా, ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో, హోనర్ క్లావినెట్, ఏఆర్‌పీ ఒడిస్సీ సింథసైజర్, యమహా సీఎస్-80, గొంతును వాద్యంగా మార్చే వోకోడర్, గిటారులా భుజాన తగిలించుకునే క్లావిటార్, ఫెయిర్‌లైట్ కంప్యూటర్: ఒక్కొక్కటీ ఆయన రికార్డుల మీద తన గుర్తు వేసింది.

హాన్‌కాక్ పియానో వదిలి కరెంటు వాద్యాల వైపు వెళ్లి, చివరికి మళ్లీ పియానో దగ్గరికి వచ్చారని చాలామంది రాస్తుంటారు. రికార్డింగు తేదీల ముందు ఈ కథ నిలవదు. 1978 అక్టోబరులో, ఒకే నెలలో, ఆయన జపాన్‌లో రెండు ఆల్బమ్‌లు రికార్డు చేశారు. ఒకటి సింథసైజర్లతో నిండినది, రెండోది ఒకే ఒక్క గ్రాండ్ పియానోతో చేసినది. పియానో ఏనాడూ ఆయన్ని వదల్లేదు. కొత్త వాద్యం చేరిన ప్రతిసారీ దాని వెనక ఒక కచ్చితమైన లోటు ఉంది. డ్రమ్ముల హోరులో పియానో వినబడదు, పియానో స్వరం వంగదు, పియానిస్టు కూర్చున్న చోటు నుంచి కదలలేడు. ఆయన ఎంపికలను ఈ లోట్ల వెంట చూసుకుంటూ వెళితేనే వాటి క్రమం అర్థమవుతుంది.

షికాగో, గ్రినెల్

ఏడో ఏట పియానో పాఠాలు మొదలయ్యాయి. 1952 ఫిబ్రవరిలో, పదకొండేళ్ల వయసులో, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి మోజార్ట్ 26వ పియానో కన్సెర్టో మొదటి భాగం వాయించారు. జాజ్ మీద ఆసక్తి హైస్కూలు రోజుల్లో పుట్టింది. జార్జ్ షియరింగ్, ఆస్కార్ పీటర్సన్ రికార్డులు పదేపదే వింటూ, వాళ్ల వాదనాన్ని స్వరం స్వరం చొప్పున కాగితం మీదికి ఎక్కించుకుని నేర్చుకున్నారు.

రెండో ఆసక్తి యంత్రాల మీద. చిన్నతనంలో గడియారాలు విప్పి లోపలి చక్రాలు ఎలా తిరుగుతున్నాయో చూసేవారు. అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో చేరింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదవడానికే, ఆ తర్వాత సంగీతానికి మారారు. ఈ చదువు ఊరికే పోలేదు. 1970లలో సింథసైజర్ ముందు కూర్చున్న పియానిస్టుల్లో చాలామందికి ఆసిలేటరు, ఫిల్టరు అన్నవి బెదరగొట్టే మాటలు. హాన్‌కాక్‌కు అవి కాలేజీ నాటి పరిచయస్తులు.

పియానో ఏళ్లు

ట్రంపెట్ విద్వాంసుడు డొనాల్డ్ బర్డ్ ఆయన్ని 1961లో న్యూయార్క్ తీసుకువచ్చారు. 1962లో బ్లూ నోట్ సంస్థ తొలి ఆల్బమ్ ‘టేకిన్ ఆఫ్’ విడుదల చేసింది. అందులోని ‘వాటర్‌మెలన్ మ్యాన్’ను మరుసటి ఏడాది మోంగో సాంటామరియా బృందం వాయించి పెద్ద హిట్ చేసింది. 1963లో మరో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆయన్ని తన బృందంలోకి తీసుకున్నారు. ‘ఎంపిరియన్ ఐల్స్’ (1964), ‘మెయిడెన్ వాయేజ్’ (1965) ఈ కాలంలో తన పేరుతో చేసినవి. పియానిస్టుగా హాన్‌కాక్ స్థానం ఈ ఆల్బమ్‌లతోనే స్థిరపడిపోయింది. 1968 తర్వాత ఒక్క రికార్డు కూడా చేయకపోయినా జాజ్ చరిత్రలో ఆయనకు ఒక అధ్యాయం ఉండేది.

డేవిస్ బృందంలో డ్రమ్స్ వాయించింది టోనీ విలియమ్స్. చేరేనాటికి అతని వయసు పదిహేడేళ్లు. మెత్తగానూ వాయించగలడు, ఊపు వచ్చిందంటే వేదికంతా నింపేయగలడు. అలాంటి డ్రమ్ముల పక్కన పియానిస్టు ఎంత బలంగా నొక్కినా తీగల శబ్దం కొంత దూరమే పోతుంది. పైగా పియానిస్టు తన వాద్యాన్ని వెంట తెచ్చుకోలేడు. ట్రంపెట్ వాద్యకారుడు తన ట్రంపెట్‌తో వస్తాడు. పియానిస్టు ఆ ఊళ్లో, ఆ హాల్లో ఏ పియానో ఉంటే దానితోనే, అది ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలోనే సర్దుకోవాలి. ఎలక్ట్రిక్ పియానో ఈ రెండు ఇబ్బందులనూ ఒకేసారి తీర్చింది.

ఫెండర్ రోడ్స్

డేవిస్ స్టూడియోలో మార్పు 1967 డిసెంబరులోనే మొదలైంది. ‘సర్కిల్ ఇన్ ద రౌండ్’ రికార్డింగులో హాన్‌కాక్ పియానోకు బదులు చెలెస్టా వాయించారు. చెలెస్టాలో మెట్లు నొక్కితే సుత్తులు ఉక్కు పలకలను తాకుతాయి, చిన్న గంటల శబ్దం వస్తుంది. రోడ్స్ ఎదురైన సందర్భాన్ని హాన్‌కాక్ చాలాసార్లు చెప్పారు. ఒకరోజు స్టూడియోలోకి వెళ్లేసరికి పియానో లేదు. నేనేం వాయించాలని అడిగితే, మూలన ఉన్న ఎలక్ట్రిక్ పియానోను డేవిస్ చూపించారు. హాన్‌కాక్‌కు అది బొమ్మ వాద్యంలా కనిపించింది. స్విచ్ వేసి ఒక కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) నొక్కారు. శబ్దం మెత్తగా, గుండ్రంగా, హాయిగా వచ్చింది. పక్కనే శబ్దం పెంచే బిరడా ఉంది. దాన్ని తిప్పితే చాలు, టోనీ విలియమ్స్ డ్రమ్ముల మీదుగా కూడా పియానో వినబడుతుంది. 1968 మేలో రికార్డయిన ‘స్టఫ్’ అనే రచనలో ఈ శబ్దం వినిపిస్తుంది. అది ‘మైల్స్ ఇన్ ద స్కై’ ఆల్బమ్‌లో ఉంది.

ఆ వాద్యాన్ని రూపొందించిన హెరాల్డ్ రోడ్స్ పియానో మాస్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడి మంచం పట్టిన సైనికులకు పియానో నేర్పడం కోసం, ఒళ్లో పెట్టుకుని వాయించగల చిన్న కీబోర్డును విమానాల అల్యూమినియం గొట్టాలతో తయారుచేశారు. తర్వాత గిటార్ల తయారీదారు లియో ఫెండర్‌తో చేతులు కలిపారు. ఫెండర్ సంస్థను సీబీఎస్ కొనుక్కున్న 1965లోనే 73 మెట్ల రోడ్స్ పియానో మార్కెట్లోకి వచ్చింది.

రోడ్స్ లోపల పియానో తీగలు ఉండవు. ప్రతి మెట్టుకూ ఒక సన్నని ఉక్కు కడ్డీ, దాని పైన బరువైన లోహపు పట్టీ ఉంటాయి. రెండూ కలిసి ఒక శ్రుతిదండంలా పనిచేస్తాయి, కాకపోతే దీని రెండు కొమ్ములూ సమానంగా ఉండవు. సుత్తి కడ్డీని తాకుతుంది, కడ్డీ కంపిస్తుంది, ఎదురుగా ఉన్న అయస్కాంతపు పికప్ ఆ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. కడ్డీకి చుట్టిన చిన్న స్ప్రింగును ముందుకో వెనక్కో జరిపి శ్రుతి సరిచేస్తారు. మెల్లగా నొక్కితే గంట మోగినట్టుంటుంది, గట్టిగా కొడితే శబ్దం గరుకెక్కి గుర్రుమంటుంది. వేలి ఒత్తిడితో శబ్దం హెచ్చుతగ్గులే కాక స్వభావమే మారడం హాన్‌కాక్ లాంటి స్పర్శ ఉన్న పియానిస్టుకు పెద్ద ఆకర్షణ. అందుకు ఒక మూల్యం కూడా ఉంది: మంద్ర స్థాయిలో దగ్గర దగ్గర స్వరాలతో కార్డ్ నొక్కితే రోడ్స్ మీద అంతా ముద్దగా కలిసిపోతుంది. అందువల్ల రోడ్స్ దగ్గరికి వచ్చినప్పుడు ఎడమచేయి తేలికపడాలి, స్వరాల మధ్య ఖాళీ పెరగాలి. 1969లో వచ్చిన ‘ఫ్యాట్ ఆల్బర్ట్ రొటుండా’ ఆల్బమ్‌ను ‘మెయిడెన్ వాయేజ్’ పక్కన పెట్టి వింటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డు చేశారు. హాన్‌కాక్, చిక్ కొరియా, జో జవినుల్ అనే ముగ్గురు కీబోర్డు విద్వాంసులు ఒకే గదిలో వాయించారు. ముగ్గురు పియానిస్టులు ఉంటే ఒకరి మాట మీద ఒకరు మాట్లాడినట్టు ఉంటుందని అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు, ముగ్గురూ ఒకరి శబ్దంలోకి ఒకరు ఒదిగిపోయారు. ఎలక్ట్రిక్ పియానో స్వభావం వల్లే అది వీలైంది.

మ్వాండిషి, గ్లీసన్

డేవిస్ బృందం నుంచి బయటికి వచ్చాక ఏర్పరచుకున్న బృందానికి స్వాహిలీ భాషలోని ‘మ్వాండిషి’ అన్న పేరు స్థిరపడింది. రోడ్స్‌కు ఎకోప్లెక్స్ అనే టేపు ప్రతిధ్వని యంత్రాన్ని, కాలితో నొక్కే వా-వా పెడల్‌ను కలిపి, పియానో అంటే ఎవరూ పోల్చుకోలేని శబ్దాలను హాన్‌కాక్ ఇక్కడే సాధించారు.

‘క్రాసింగ్స్’ (1972) తయారవుతున్నప్పుడు నిర్మాత డేవిడ్ రూబిన్సన్ ఆయన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ గ్లీసన్ దగ్గరికి పంపారు. గ్లీసన్ అంతకుముందు ఇంగ్లీషు సాహిత్యం బోధించిన అధ్యాపకుడు, అప్పటికి మోగ్ సింథసైజర్ మీద పనిచేస్తున్నారు. ఆయన మోగ్‌ను సిద్ధం చేసిపెడితే తాను వాయించాలన్నది హాన్‌కాక్ ఆలోచన. గ్లీసన్ స్వయంగా చేర్చిన శబ్దాలు విన్నాక వాటినే ఆల్బమ్‌లో ఉంచేశారు. గ్లీసన్ ఏఆర్‌పీ 2600తో బృందంలోకి వచ్చి కచేరీలకూ తిరిగారు. ఆ కాలానికి సింథసైజర్‌ను జాజ్ వేదిక మీదికి ఎక్కించడం చాలా అరుదు. ‘సెక్స్టంట్’ (1973) మొదటి రచన ‘రెయిన్ డాన్స్’ వింటే ఆ బృందం ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. శ్రోతలు మాత్రం అంత దూరం రాలేదు. పెద్ద బృందాన్ని పోషించే ఆదాయం లేక 1973లో దాన్ని ముగించాల్సి వచ్చింది.

హెడ్ హంటర్స్

ఆ తర్వాత వచ్చిన ‘హెడ్ హంటర్స్’ (1973) హాన్‌కాక్ వాద్యాల చరిత్రకు కేంద్రం. గ్లీసన్ లేరు, సింథసైజర్‌ను ఇక తన చేత్తోనే వాయించాలని హాన్‌కాక్ నిర్ణయించుకున్నారు. గిటారు కూడా లేదు. బెన్నీ మాపిన్ శాక్సోఫోన్, బేస్ క్లారినెట్. పాల్ జాక్సన్ బేస్ గిటార్. హార్వీ మేసన్ డ్రమ్స్. బిల్ సమ్మర్స్ తాళవాద్యాలు. మిగతాదంతా హాన్‌కాక్ చుట్టూ అమర్చిన మెట్ల నుంచి రావాలి.

ప్రధానంగా మూడు వాద్యాలు మూడు పనులు పంచుకున్నాయి. కార్డ్‌లకు, తీరిక గల సోలోలకు రోడ్స్. లయను తరిగే గిటారు స్థానంలో హోనర్ డి6 క్లావినెట్. బేస్‌కూ, గాలివాద్యంలా సాగే సోలోలకూ ఏఆర్‌పీ ఒడిస్సీ.

క్లావినెట్ జర్మనీలో ఎర్న్‌స్ట్ జకరియాస్ రూపొందించినది, 60 మెట్లు. మెట్టు కింద ఉన్న రబ్బరు దిమ్మ తీగను లోహపు దిమ్మకేసి నొక్కి కొడుతుంది, పికప్ ఆ శబ్దాన్ని అందుకుంటుంది. వేలు తీయగానే తీగకు చుట్టిన నూలు దాన్ని ఆపేస్తుంది. అందుకే స్వరం చురుగ్గా పుట్టి చురుగ్గా ఆగుతుంది. స్టీవీ వండర్ ‘సూపర్‌స్టిషన్’ (1972) మొదట్లో వినిపించేది ఈ కుటుంబపు వాద్యమే. దానికి వా-వా పెడల్ తగిలిస్తే ఫంక్ గిటారిస్టు చేసే పని పియానిస్టు రెండు చేతులతో చేయగలడు.

ఒడిస్సీ 1972లో వచ్చింది. 37 మెట్లు, రెండు ఆసిలేటర్లు; ఏకకాలంలో రెండు స్వరాలకు మించి పలకదు. ఎంత గట్టిగా నొక్కినా ఎంత మెల్లగా నొక్కినా ఒకే శబ్దం. పియానిస్టుకు పుట్టుకతో వచ్చినంత సహజమైన ఆయుధం, అంటే వేలి ఒత్తిడి, ఇక్కడ పనికిరాదు. దానికి బదులు ఎడమచేతికి కొన్ని జారుడు మీటలూ, శ్రుతిని పైకీ కిందికీ వంచే ఒక గుండ్రటి బిరడా ఉన్నాయి. మామూలు మెట్ల వాద్యాల్లో స్వరం నుంచి స్వరానికి జారే వీలు ఉండదు. గమకాలు పలకవన్న ఈ లోటు హార్మోనియం విషయంలో మనకు బాగా తెలుసు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని దూరం పెట్టినప్పుడు వినిపించిన ప్రధాన అభ్యంతరాల్లో అదొకటి. ఇరవై ఏళ్లకు పైగా పియానో వాయించిన మనిషికి స్వరాన్ని వంచే బిరడా దొరికితే ఏం చేస్తాడో ఈ ఆల్బమ్‌లోని ‘కమీలియన్’ రచనలో వచ్చే ఒడిస్సీ సోలోలో వినవచ్చు. కుడిచేయి పదబంధాలు పలుకుతూ ఉంటే ఎడమచేయి వాటి కొసలను వంచుతుంది, ఫిల్టరును తెరిచి మూసి నోరు తెరిచినట్టు, మూసినట్టు చేస్తుంది. శాక్సోఫోన్ విద్వాంసుడి ఊపిరి చేసే పనిని ఆ చేయి చేస్తోంది.

పదిహేనున్నర నిమిషాలకు పైగా సాగే ఆ రచన ఎలా మొదలవుతుందో గమనించాలి. ముందుగా ఒడిస్సీ మీద బేస్ వరుస ఒక్కటే వస్తుంది. పన్నెండు స్వరాల చిన్న వరుస. మధ్యలో సన్నగా అరమెట్లు ఎక్కే నడక. అది రెండు కార్డ్‌ల మధ్య ఊగుతూ తిరిగి తిరిగి వస్తుంది. కొంతసేపటికి డ్రమ్స్ కలుస్తాయి. తర్వాత క్లావినెట్ తరుగుళ్లు. లయ బాగా పరుచుకున్నాకే శాక్సోఫోన్ అసలు బాణీ ఎత్తుకుంటుంది. రెండో సగంలో లయ మారి, రోడ్స్ సోలో వస్తుంది. అక్కడ వేళ్లు మళ్లీ పియానిస్టు వేళ్లవుతాయి. ఒకే రచనలో ఒకే మనిషి చేతి రెండు స్వభావాలు ఇంత విడివిడిగా వినిపించే చోటు ఆయన రికార్డుల్లో మరొకటి లేదనిపిస్తుంది.

ఇదే ఆల్బమ్‌లో ‘వాటర్‌మెలన్ మ్యాన్’ను కొత్త రూపంలో మళ్లీ చేశారు. 1962లో పియానో మీద గలగలలాడిన బాణీ ఇక్కడ నెమ్మదించి, కింది మెట్లకు దిగింది. మొదట్లో వినిపించే ఊదుడు శబ్దం బిల్ సమ్మర్స్ బీరు సీసా ఊదుతూ మధ్య ఆఫ్రికా అడవి తెగల పిల్లనగ్రోవి పద్ధతిని అనుసరించినది. ఆల్బమ్ పది లక్షలకు పైగా అమ్ముడైంది. 2007లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దాన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. బాగా అమ్ముడుపోయింది కాబట్టి అది తేలిక సంగీతమని అప్పట్లో కొందరు విమర్శకులు తీర్పు ఇచ్చారు. ఒడిస్సీ సోలో ఒక్కటి శ్రద్ధగా విన్నా ఆ తీర్పు తప్పని తెలుస్తుంది.

వాద్యాల గుంపు

1974 జులైలో టోక్యోలో చేసిన ‘డెడికేషన్’ ఆల్బమ్ చిన్నదే గాని విలువైనది. ఒక వైపు ‘మెయిడెన్ వాయేజ్’, ‘డాల్ఫిన్ డాన్స్’ పియానో మీద ఒంటరిగా వాయించారు. రెండో వైపు ‘నోబు’లో ఏఆర్‌పీ 2600 తనంతట తాను స్వరాలు విడుస్తూ ఉంటే దాని మీద రోడ్స్ వాయించారు. సహవాద్యకారులెవరూ లేరు. పదేళ్ల తర్వాత డెట్రాయిట్ టెక్నో సంగీతంలో వినిపించే పద్ధతి ఇక్కడే కనిపిస్తుందని చాలామంది గుర్తించారు.

అప్పటికి సింథసైజర్లకు ఒకేసారి పలు స్వరాలు పలికే శక్తి రాలేదు. ఒబర్‌హైమ్ నాలుగు స్వరాల వాద్యం 1975లో వచ్చింది. తర్వాత పాలీమోగ్, యమహా సీఎస్-80. దాదాపు క్వింటాలు బరువుండే సీఎస్-80లో మెట్టు నొక్కిన తర్వాత ఇంకా ఒత్తితే, ఆ ఒక్క స్వరమే మారుతుంది; మిగతా వేళ్ల కింది స్వరాలు అలాగే ఉంటాయి. ఒడిస్సీలో పోయిన వేలి ఒత్తిడి ఇందులో మరో రూపంలో తిరిగి దొరికింది. వీటన్నిటినీ ‘మ్యాన్-చైల్డ్’ (1975), ‘సీక్రెట్స్’ (1976), ‘సన్‌లైట్’ (1978) ఆల్బమ్‌లు ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోయాయి. ఈ కాలపు ఆల్బమ్ అట్టల మీద వాద్యాల జాబితా పొడుగు పెరిగినంతగా సంగీతం లోతు పెరగలేదన్నది నిజం.

‘సన్‌లైట్’లో ముఖ్యమైనది జెన్‌హైజర్ వోకోడర్. మైకులో పలికిన మాటల ఆకారాన్ని సింథసైజర్ స్వరాలకు తొడుగుతుంది. హాన్‌కాక్ గాయకుడు కాదు. ఆ పరికరం ఉంటే ఆయన మాట పలుకుతారు, శ్రుతి మాత్రం వేళ్ల కింది మెట్లే ఇస్తాయి. ‘ఐ థాట్ ఇట్ వాజ్ యూ’ పాటతో ఆయన గొంతు మొదటిసారి విస్తారంగా వినబడింది.

వేదిక సమస్య మిగిలింది. నాలుగైదు కీబోర్డుల వెనక కూర్చున్న మనిషి ప్రేక్షకులకు సగమే కనిపిస్తాడు. శాక్సోఫోన్, గిటారు వాయించేవాళ్లు ముందుకు వచ్చి ఎదురెదురుగా నిలబడగలరు. వేన్ యెంటిస్ తయారుచేసిన క్లావిటార్‌ను భుజాన వేసుకుని 1970ల చివర్లో హాన్‌కాక్ కూడా ముందుకు నడిచారు. అందులో శబ్దం పుట్టదు. మెట్ల సంకేతాలు వైరు ద్వారా వెనకున్న సింథసైజర్లకు వెళ్తాయి. వేర్వేరు కంపెనీల వాద్యాలకు ఒకదాని భాష ఒకదానికి తెలియని రోజులవి. వాటిని కలిపే పరికరాలను ఆయన వెంట ఉన్న సాంకేతిక నిపుణుడు బ్రయన్ బెల్ సొంతంగా తయారుచేశారు. అన్ని కంపెనీలూ ఒప్పుకున్న మిడి పద్ధతి 1983లోగాని రాలేదు.

1978 అక్టోబరులో టోక్యోలో జంటగా చేసిన ఆల్బమ్‌ల పేర్లు ‘డైరెక్ట్‌స్టెప్’, ‘ద పియానో’. రెండింటినీ టేపు మీద కాకుండా నేరుగా డిస్కు మీదే గాడి పడే పద్ధతిలో రికార్డు చేశారు. మధ్యలో తప్పు దొర్లితే అతికించే వీలు లేదు, ఆ వైపంతా మొదటి నుంచీ వాయించాలి. అన్ని యంత్రాలను వెంటబెట్టుకుని ఆ పరీక్షకు సిద్ధపడటం ఒక సాహసం. ఒంటరిగా పియానోతో సిద్ధపడటం అంతకంటే పెద్దది.

కంప్యూటరు, రాకిట్

‘మిస్టర్ హ్యాండ్స్’ (1980) ఆల్బమ్‌లోని ‘టెక్స్‌చర్స్’లో అన్ని వాద్యాలూ హాన్‌కాక్‌వే. వాద్యాల జాబితాలో యాపిల్ కంప్యూటరు కూడా ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు ఉన్న జాజ్ విద్వాంసులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

సిడ్నీలో పీటర్ వోగల్, కిమ్ రైరీ 1979లో విడుదల చేసిన ఫెయిర్‌లైట్ సీఎంఐ బయటి శబ్దాన్ని దేన్నయినా రికార్డు చేసి మెట్ల మీద పరిచేది. కాంతి కలంతో తెర మీద శబ్ద తరంగాన్ని గీసి మార్చుకోవచ్చు. 1983లో ‘సెసమీ స్ట్రీట్’ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో హాన్‌కాక్ దాన్ని చూపించారు. ఒక చిన్నమ్మాయి తన పేరు చెప్పింది. ఆ పేరే మెట్ల మీద లావుగా, సన్నగా, తొందరగా, నిదానంగా పలికింది. పిల్లల మొహాలు చూస్తే సాంప్లింగ్ గురించి అంతకంటే మంచి పాఠం ఉండదనిపిస్తుంది.

అదే ఏడాది ‘ఫ్యూచర్ షాక్’ ఆల్బమ్, అందులోని ‘రాకిట్’ వచ్చాయి. లయ, పునాది శబ్దాలు న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో బిల్ లాస్వెల్, మైకేల్ బైన్‌హార్న్ తయారుచేశారు. గ్రామఫోను రికార్డులను ముందుకూ వెనక్కూ గీరే శబ్దం గ్రాండ్ మిక్సర్ డీఎస్‌టీది. హాన్‌కాక్ లాస్‌ఏంజెలెస్‌లో తన ఇంటి స్టూడియోలో బాణీ, కీబోర్డులు చేర్చారు. వాదన పాండిత్యం పరంగా ఇందులో ఆయన వాటా ‘కమీలియన్’తో పోలిస్తే చిన్నది. రికార్డు గీరుడును వాద్యంగా గుర్తించి దానికి తన పేరు, స్థానం ఇవ్వడంలో మాత్రం ఆయన చెవి చాలామందికంటే ముందుంది. ఆ రచనకు గ్రామీ బహుమతి, దాని వీడియోకు 1984లో ఎంటీవీ తొలి వీడియో అవార్డుల్లో ఐదు బహుమతులు వచ్చాయి.

ఈ ఆల్బమ్‌లో వాడిన రోడ్స్ క్రోమాకు ఆసక్తికరమైన పుట్టుక ఉంది. దాన్ని రూపొందించింది ఏఆర్‌పీ. 1981లో ఆ కంపెనీ మూతపడితే సీబీఎస్ ఆ నమూనా కొనుక్కుని రోడ్స్ పేరుతో అమ్మింది. హాన్‌కాక్ చేతిని తీర్చిన రెండు పేర్లూ ఒకే పెట్టెలో కలిశాయి.

1985లో వచ్చిన ‘విలేజ్ లైఫ్’ను తక్కువమంది విన్నారు. పశ్చిమ ఆఫ్రికా తంత్రీవాద్యం కోరా వాయించే ఫోడే మూసా సూసోతో జుగల్‌బందీ అది. హాన్‌కాక్ చేతిలో యమహా డీఎక్స్1 సింథసైజర్, ఒక డ్రమ్ యంత్రం, అంతే. సింథసైజర్ గొప్ప ఎదుటివాడి మాట వినడంలో ఉంటుందని చూపిన రికార్డు ఇది; ‘రాకిట్’ కంటే దీన్నే నేను ముందు పెడతాను.

ఆగని పియానో

1976 జూన్‌లో న్యూపోర్ట్ ఉత్సవం కోసం పాత సహచరులు వేన్ షార్టర్, ఫ్రెడ్డీ హబ్బర్డ్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్‌లతో పాత పద్ధతి జాజ్ వాయించినప్పుడు కూడా హాన్‌కాక్ ముందున్నది మామూలు పియానో కాదు, యమహా ఎలక్ట్రిక్ గ్రాండ్. దానిలో నిజమైన తీగలు, సుత్తులు ఉంటాయి. శబ్దాన్ని పెంచే చెక్కపలకకు బదులు పికప్‌లు ఉంటాయి. రెండు ముక్కలుగా విడదీసి లారీలో ఎక్కించవచ్చు. 1978లో చిక్ కొరియాతో రెండు గ్రాండ్ పియానోల కచేరీలు చేశారు. కరెంటు వాద్యాల్లో ముందువరుసలో ఉన్న ఇద్దరు, వైరు లేకుండా సాయంత్రమంతా హాళ్లు నింపారు.

1986 నాటి ఫ్రెంచ్ దర్శకుడు బెర్ట్రాండ్ తావెర్నియే సినిమా ‘రౌండ్ మిడ్‌నైట్’ సంగీతానికి ఆయనకు ఆస్కార్ వచ్చింది. ‘ద న్యూ స్టాండర్డ్’ (1996), షార్టర్‌తో జంటగా ‘1+1’ (1997), ‘గెర్ష్విన్స్ వరల్డ్’ (1998) పియానో ప్రధానమైనవి. జోనీ మిచెల్ పాటల మీద చేసిన ‘రివర్’ (2007) ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అందుకుంది. ఒక జాజ్ ఆల్బమ్‌కు ఆ గౌరవం దక్కడం ‘గెట్జ్/జిల్‌బెర్టో’ తర్వాత అదే. ‘1+1’లో ఆయన స్వరాల మధ్య వదిలే ఖాళీలు 1965 నాటివి కావు. రోడ్స్ మోగి ఆగేదాకా వినడం అలవాటైన చెవి ఆ ఖాళీలను కొలుస్తోంది.

ఈ కాలంలో ఆయన ఎంచుకున్నది ఇటలీలో సాచిలే అనే ఊళ్లో పావొలో ఫాజియోలి 1981లో స్థాపించిన సంస్థ పియానో. ఫాజియోలి పెద్ద పియానోకు నాలుగో పెడల్ ఉంటుంది. అది సుత్తులను తీగలకు దగ్గరగా జరుపుతుంది, శబ్దం నాణ్యత మారకుండా తగ్గుతుంది. శబ్దం చాలక కరెంటు వైపు వెళ్లిన పియానిస్టు అరవై దాటాక అతి మెల్లని స్వరం కోసం పియానో వెతుక్కున్నారు.

2010లో వచ్చిన ‘ది ఇమాజిన్ ప్రాజెక్ట్’ను పలు దేశాల్లో రికార్డు చేశారు. అందులో ‘ద సాంగ్ గోస్ ఆన్’ తెలుగు శ్రోతలు ప్రత్యేకంగా వినవలసినది. తెలుగు సినిమా పాటల ద్వారా ఇంటింటికీ తెలిసిన కె.ఎస్. చిత్ర అందులో చాకా ఖాన్‌తో కలిసి పాడారు. అనౌష్కా శంకర్ సితార్, వేన్ షార్టర్ శాక్సోఫోన్. చిత్ర గొంతులోని గమకాలకు పియానో పోటీ రాదు, కార్డ్‌లు పరిచి పక్కకు తప్పుకుంటుంది.

ఇటీవలి కచేరీల్లో ఆయన పక్కన ఫాజియోలి పియానో, దానికి ఆనుకుని కోర్గ్ క్రోనోస్ కీబోర్డు ఉంటాయి. ‘కమీలియన్’ దగ్గరికి వచ్చేసరికి రోలాండ్ భుజ కీబోర్డు తగిలించుకుని ముందుకు వస్తారు. ఒకప్పుడు గదినిండా పరిచిన సింథసైజర్ల శబ్దాలన్నీ క్రోనోస్ ఒక్కదాంట్లో ఇమిడిపోయాయి.

ఆ వాద్యాలు నేడు

ఒడిస్సీని కోర్గ్ సంస్థ 2015లో తిరిగి తయారుచేసింది. రోడ్స్ పేరుతో కొత్త పియానోను 2021లో ప్రకటించారు. సీఎస్-80ని యమహా మళ్లీ చేయలేదు. మిగిలిన పాతవి సంపన్నులైన సేకర్తల దగ్గరో, స్టూడియోల్లోనో ఉన్నాయి. ఫోనులోనో ల్యాప్‌టాపులోనో నడిచే అనుకరణలు అన్నింటికీ దొరుకుతాయి, నేర్చుకునేవారికి అవి చాలు.

హాన్‌కాక్ వాద్యాల తేడా చెవికి పట్టాలంటే అన్ని ఆల్బమ్‌లూ వరసగా వినక్కర్లేదు. ‘వాటర్‌మెలన్ మ్యాన్’ 1962, 1973 రూపాలు రెండూ పక్కపక్కనే వినాలి. తర్వాత ‘మెయిడెన్ వాయేజ్’ 1965 రికార్డు, 1974లో టోక్యోలో ఒంటరిగా వాయించినది. ఆ పైన ‘కమీలియన్’ మొత్తం, మధ్యలో ఆపకుండా. ‘విలేజ్ లైఫ్’ దొరికితే హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం మంచిది. కోరా తీగ ఎక్కడ ఆగిందో, సింథసైజర్ ఎక్కడ అందుకుందో స్పీకర్లలో సులువుగా తెలియదు.